నడిచిన గుంజ

ఇస్త్రీ చొక్కా, మెడదాకా గుండీలు పెట్టుకుని, ఈస్టరు పండక్కి కూడా నలిగిన చొక్కాతోనే చర్చికి పోయే మరియదాసు ఇవాళ మధ్యాహ్నం నా ముందునించే రేవు ఎదుటి సర్కారు ఆఫీసు మెట్లెక్కాడు, ఎక్కుతూ నాకు చెయ్యి ఊపాడు, చెయ్యి ఊపడమేమిటి, నేనేమన్నా నది దాటించి ఎదుర్లంక చేర్చే పంటు మీద ఉన్నానా, రోజూ కూచునే బల్ల మీదే ఉన్నాను, రేవు పాకలో, ఎడంపక్క వాడి చోటు ఖాళీ, ఆ చెక్క వాడు కూచుని కూచునే నున్నబడింది, ఇప్పుడక్కడ ఎవరో ఆడమనిషి రొయ్యల బుట్ట పెట్టుకుని పంటు కోసం చూస్తోంది, బుట్టలోంచి నీళ్ళు కారుతున్నాయి, అది మరియదాసు చోటమ్మా, తియ్యి, అందామనుకున్నాను, అనలేదు, నేను అనే మనిషిని కాదు, అనేవాడు వాడు, నేను వినేవాణ్ణి, పడవ మీద కూడా అంతే, వాడు చుక్కాని దగ్గర కూచుని మాట్లాడేవాడు, నేను ముందు నిలబడి గడ వేసేవాణ్ణి, వాడి మాట ఎండలాగ నా వీపుకి తగులుతూ ఉండేది, ఇంజను పంటు వచ్చి మా నాటుపడవ మూలపడ్డాక ఆ మాట వీపు మీంచి ఎడమచెవికి మారింది, అంతే తేడా, ఆ చెవి ఇప్పుడు ఊరికే ఉంది, గోదారి గాలి తప్ప అందులోకి ఏమీ రావడం లేదు, గాలికి కథలు తెలియవు.

ఆ పెట్టె, అదే కంప్యూటరు, కాకినాడ నించి వ్యానులో వచ్చిన రోజు మేమిద్దరం ఇక్కడే కూచుని చూశాం, పెళ్ళికూతుర్ని దింపినట్టు దింపారు, మెల్లిగా మెల్లిగా అని అరుపులు, వెనకాలే ఫిలోమినా అని కొత్త ఇంజనీరమ్మ, కనకాలపేట పిల్లే, మద్రాసులో చదువుకుని వచ్చింది, గోదారినీ లంకల్నీ వీధుల్నీ పటం గీసి ఆ కంప్యూటర్లో పెట్టాలట, ఎనభై ఆరు వరద లాంటిది మళ్ళీ వస్తే ఏ వీధికి ఎంత నీరొస్తుందో ముందే తెలియాలట, మా ఊరిని ఫ్రెంచివాళ్ళు ఏలిన నాటి పటం ఒకటి ఉంది, గుడ్డ మీద అంటించింది, పేర్లు చీమల బారులాగ ఉన్నాయి, సగం చెదలు తినేశాయి, ఈ పాయ ఏ పాయ, ఈ తిప్ప ఏ తిప్ప అని చెప్పడానికి పాతకాలపు మనిషి కావాలి, ఆ అమ్మాయి వచ్చి మా ఇద్దరి ముందూ నిలబడింది, తాతయ్యగారూ, మీలో ఎవరైనా ఒకరు రాగలరా అంది, మీలో అంది, ఇద్దర్నీ చూసే అంది, నాకు బాగా గుర్తు, నేను నోరు తెరిచేలోపు వాడు లేచి నిలబడి పంచె దులుపుకున్నాడు, నేను తెరిచేవాణ్ణా, ఏమో, మూడో తరగతి దాకా చదివినవాణ్ణి, వాడు బడి మొహమే చూడలేదు, కూడబలుక్కుని అయినా రెండక్షరాలు చదవగలను, తెరిచేవాణ్ణేమో అని ఇప్పుడనిపిస్తుంది, తెరిచి ఉంటే ఆ చల్లటి గదిలో, ఆ కుర్చీలో, నేను.

మొదట్లో సాయంత్రం కాగానే వచ్చి ఇక్కడ కూచుని అన్నీ చెప్పేవాడు, ఒరేయ్ అమ్మన్నా, పటాలు గీసే ప్రోగ్రాం ఒకటుందిరా అందులో, నల్ల అట్టబిళ్ళల మీద, ఫ్లాపీలంటారంట, ఎక్కించుకొచ్చేరు, అది కొనేది కాదంటరోయ్, మన పొయ్యిలో నిప్పు లేకపోతే పక్కింటికెళ్ళి పిడక ముట్టించుకొచ్చుకుంటాం చూడు, ఆ పద్ధతంట, అడిగినోడికల్లా ఇచ్చేత్తారంట, లోపలి రాత కూడా ఇప్పి చూపిత్తారంట, మనకి కుదరకపోతే మనవే దిద్దుకోవచ్చంట, దిద్దింది ఇంకోడికిత్తే ఆడూ వాడుకుంటాడంట, ఏ దేశపోళ్ళో గానీ మంచోళ్ళురా, అనేవాడు, నేను ఊఁ అని కూడా అనలేదు, నాలో నేననుకున్నాను, నిప్పు ఇచ్చినవాడి పొయ్యి ఆరిపోదు, కానీ మాట అట్లా కాదు, మాట పక్కింటికి పోతే ఇక్కడి పొయ్యి చల్లారిపోతుంది, వాడు ఇంకా చెబుతూనే ఉన్నాడు, ఆ పెట్టె అడుగుద్దిరా, పచ్చక్షరాల్తో అడిగి చివర్న ఓ చిన్న గీత మిణుకుమిణుకుమంటా కూచుంటది, మనం చెప్పేదాకా కదలదు, ఎంత ఓపికనుకున్నావ్, అన్నాడు, ఓపికట, నలభై ఏళ్ళు నోరెత్తకుండా విన్నవాణ్ణి పక్కన పెట్టుకుని, నిన్నగాక మొన్న వ్యాను దిగిన పెట్టె ఓపిక నాకు చెబుతున్నాడు, ఆ తర్వాత ఆ సాయంత్రాలు కూడా తగ్గాయి, పని ఉందిరా అనేవాడు, పని, వాడికి, మాటలు చెప్పడం పనైపోయింది.

నేనే వెళ్ళేవాణ్ణి, లోపలికి కాదు, ఆఫీసు గోడ పక్క గన్నేరు చెట్టు ఉంది, దాని నీడలో నిలబడేవాణ్ణి, చల్లగాలి మిషను కోసం కిటికీ మూసే ఉంటుంది గానీ వాడి గొంతుకి కిటికీ ఎంత, నది ఆ ఒడ్డు నించి పిలిస్తే ఈ ఒడ్డున పడవ కదిలేది, ఒకరోజు విన్నాను, కుక్క కథ, ఫ్రెంచి దొరగారి కుక్క మరియదాసు వాళ్ళ నాన్న పడవలోంచి గోదాట్లోకి దూకిన కథ, నేను పడవెక్కకముందు సంగతి, నాకెన్నిసార్లు చెప్పాడో, మొదట్లో పిల్లంత కుక్క, పోనుపోను దూడంత అయింది, రంగు మారింది, దొర మారాడు, మధ్యలో దొరసాని వచ్చి చేరింది, చివర మాత్రం ఏనాడూ మారలేదు, సుడిలో పడింది, మునిగిపోయింది, అంతే, అని వాడు చుట్ట వెలిగించుకునేవాడు, వెలిగించాడంటే కథ అయిపోయినట్టు, నేను గడ వేసుకునేవాణ్ణి, ఆ రోజు కిటికీ అవతల కథ సుడి దాకా వచ్చింది, ఇప్పుడు మునిగిపోతుంది అనుకున్నాను, ఆ అమ్మాయి అంది, అయ్యో, అప్పుడేమైంది తాతయ్యగారూ, మరియదాసు గొంతు ఒక్క క్షణం ఆగింది, ఏవుందమ్మా, ఈదుకుంటా ఈదుకుంటా దరియాలతిప్ప కాడ ఒడ్డెక్కిందండి, ఒళ్ళు దులుపుకుని దొర కన్నా ముందే బంగళాకెళ్ళి అరుగు మీద కూచుందండి, ఆయ్, అన్నాడు, ఆవిడ పకపకా నవ్వింది, నా కాళ్ళ కింద ఇసక జారినట్టయింది, నా దగ్గర అన్నేళ్ళూ చచ్చిన కుక్క ఆవిడ దగ్గర బతికింది, దరియాలతిప్ప దాకా ఈదింది, నాకు దాచి పెట్టాడా, మంచి ముక్క అతిథికి తీసి పెట్టినట్టు, ఆ రాత్రి అన్నం సయించలేదు, మా ఇంటిది సత్యవతమ్మ కంచం చూసి మూతి తిప్పింది, ఏంటా మొకం, మరియదాసన్నయ్యని ఆ పెట్టె ఎగరేసుకుపోయినట్టు, నేను పుట్టింటికెళ్ళి నెల్లాళ్ళున్నా ఇంత ఇదయిపోలేదు, తినండి, అంది, తిన్నాను, చారులో ఉప్పు లేదు, చెప్పలేదు.

సంతోషపడిన రోజు ఒకటుంది, దాచుకోవడమెందుకు, దసరాకి అటెండరు వెంకటరాజు ఆయుధపూజ చేశాడు, టైపుమిషనుకి బొట్టు, స్టెబిలైజరుకి బొట్టు, అంతటితో ఆగక ఆ నల్ల అట్టబిళ్ళలన్నీ పళ్ళెంలో పేర్చి గంధం పూసి కుంకం పెట్టాడు, ఒకదానికి సందులోంచి లోపలి పొర మీద కూడా పడింది గంధం, తెల్లారి పెట్టెలో దూరిస్తే కీచుమని అరిచి అక్కడే ఆగిపోయింది, ప్రోగ్రాం సగం ఎక్కి సగం ఎక్కలేదు, మరియదాసు దిగులు మొహంతో ఈ బల్ల దగ్గరకొచ్చాడు, ఆ రాజుగాడికి వద్దురా వద్దురా అని చెప్పేనురా, ఆళ్ళ దేవుడి మీద నాకు కోపమేమో అనుకుని ఇంకో చుక్క ఎక్కువ పెట్టేడు, అన్నాడు, నాకు నవ్వు రాలేదు గానీ లోపల చల్లగా ఉంది, వారం రోజులు ఎడమచెవి నిండా మాటలే, అన్నీ ఆ పెట్టె గురించి మాటలే అయినా మాటలే కదా, తర్వాత మద్రాసు నించి ఆ అమ్మాయి స్నేహితుడు ఎవరో ఇంకో కాపీ పోస్టులో పంపాడు, అడగ్గానే, ఊరికే, నిప్పు మళ్ళీ ముట్టించుకున్నారు, నా పొయ్యి మళ్ళీ ఆరిపోయింది, ఏనాడూ చూడని ఆ మద్రాసు మనిషిని ఎంత తిట్టుకున్నానో, ఇవ్వకపోతే ఏం పోయేదిరా నీకు అని.

అదిగో, వెంకటరాజు, ఆఫీసు మెట్లు దిగి ఇటే వస్తున్నాడు, పంచె ఎగ్గట్టుకుని, దేనికో, బాబాయ్, నిన్ను రమ్మంటన్నారు, లోపల పెద్ద గొడవగా ఉంది, ఊరంతా గోదాట్లో కలిసిపోయింది, అన్నాడు, నేను నది వైపు చూశాను, నది దాని చోటే ఉంది, నిజంగా కాదు బాబాయ్, పటంలో, మరియదాసు మావ చెప్పిందేదో తప్పంట, ఆయనేమో తప్పు కాదంటన్నాడు, అమ్మన్ననడగండి అని నీ పేరు చెప్పేడు, అన్నాడు, మరియదాసు చెప్పింది తప్పు, ఆ మాట పెసరట్టులో అల్లం ముక్కలాగ తగిలింది, ఘాటుగా, కమ్మగా, లేచాను, మోకాళ్ళు కూడా పట్టెయ్యలేదు ఇవాళ, గన్నేరు చెట్టు దాటాను, దాని నీడలో ఎవరూ నిలబడి లేరు, నేనే కదా నిలబడేది, చెప్పులిక్కడే ఇప్పు బాబాయ్, లోపల దుమ్ము పడకూడదు, అన్నాడు, ఇప్పాను, గచ్చు చల్లగా ఉంది, మంచులో కాలు పెట్టినట్టు, ఇంత చల్లని చోట కూచుని కూచుని వాడికి మా పాక ఎట్లా గుర్తుంటుంది.

అదా పెట్టె, ఇంతేనా, చిన్న కిటికీ, నల్లటి కిటికీలో పచ్చటి గీతలు, బల్ల మీద గుడ్డ పటం పరిచి ఉంది, దాని మీద తోకున్న ఎలుకలాంటిది ఒకటి, దాన్ని గీత వెంట నడిపించి నొక్కుకుంటూ పోతే ఆ గీత పెట్టెలోకి పోతుందని మరియదాసే చెప్పాడు ఒకప్పుడు, వాడు కుర్చీలో కూచుని ఉన్నాడు, నా వైపు చూసి నవ్వాడు, వచ్చేవా, చెప్పు, అన్నట్టు, ఫిలోమినా లేచి నాకు కుర్చీ జరిపింది, కూచోలేదు, ఆ అమ్మాయి కోపంగా లేదు, నిదానంగా చెప్పింది, చూడండి తాతయ్యగారూ, పాత పటంలో నాలుగు గుర్తులు ఎక్కడున్నాయో చెప్పి, అవే గుర్తులు నేలమీద ఇవాళ ఎక్కడున్నాయో కొలిచి చెప్పాం, అప్పుడీ ప్రోగ్రాం పటాన్ని తీసుకొచ్చి నేలమీద చాపలాగ పరుస్తుంది, చర్చి శిలువ, పాత జెండా దిమ్మ, మా కనకాలపేట పొలిమేర రాయి, ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయి, మీ రేవు గుంజ ఒక్కటే మిగతా మూడింటితో దెబ్బలాడుతోంది, చాపని ఒక మూల పట్టుకుని లాగినట్టు పటమంతా సాగిపోయింది, చర్చి వీధి చివర నీళ్ళలో దిగిపోయింది, ఆ గుంజ ఎప్పుడైనా జరిగిందా, అని, నేను నోరు విప్పకముందే వాడు అందుకున్నాడు, జరగలేదమ్మా, మా తాత పడవ కట్టింది ఆ గుంజకే, నేను కట్టింది ఆ గుంజకే, గుంజ జరిగితే ఇంక రేవేంటండి, ఆ పెట్టెకేం తెలుసు, కావాలంటే ఈడ్నడగండి, ఈడు అబద్ధమాడడు, అసలు మాటే ఆడడు, అన్నాడు, వెంకటరాజు కిసుక్కున నవ్వాడు, అమ్మాయి నవ్వలేదు, నా వైపే చూస్తోంది, పెట్టెలో ఆ చిన్న గీత కూడా మిణుకుమంటూ నా వైపే.

వాడు అబద్ధం చెప్పడం లేదు, అది నాకు తెలుసు, వరద వచ్చి గట్టు కోసుకుపోయినప్పుడల్లా రేవు వెనక్కి జరుగుతుంది, అప్పుడు కొత్త గుంజ పాతరు, పాతదాన్నే తవ్వి తీసి, పసుపునీళ్ళతో కడిగి, ఇద్దరు మనుషులు భుజాన పెట్టుకుని నేల తాకనివ్వకుండా వెనక్కి వెనక్కి నడిచి, కొత్త గట్టు మీద పాతుతారు, దాన్ని గుంజ నడిపించడం అంటారు, పాతాక పెద్దలు గుంజ మీద చెయ్యి వేసి, ఇది ఇక్కడే ఉండేది, ఇక్కడే ఉండేది, అని పైకి అనాలి, అన్నాక ఇంకెవరూ అది ఇంకోచోట ఉండేదని అనకూడదు, అంటే కట్టిన పడవ జారిపోతుందని మా నమ్మకం, ఎనభై ఆరు వరదకి దాన్ని నడిపించింది మేమిద్దరమే, ముందు భుజం వాడిది, వెనక భుజం నాది, బురద మోకాళ్ళ దాకా, వాడు ఆ బరువు కింద కూడా మాట్లాడుతూనే ఉన్నాడు, జాగర్తరోయ్ అమ్మన్నా, అక్కడ గుంటుంది, కుడికి రా, అలసిపోయేవా, ఆగుదావా, అని, నేను జవాబివ్వలేదు, నా అడుగు చప్పుడు విని ఉన్నానని తెలుసుకున్నాడు, గుంజ మీద చెయ్యి వేసి ఇక్కడే ఉండేది అని మొదట అన్నది వాడు, నేను పెదాలు మాత్రం కదిపాను, ఇప్పుడు వాడు ఆ మాట మీదే నిలబడ్డాడు, నేను అవునంటే వాడి మాట నిలుస్తుంది, పటం నీళ్ళలో ఉంటుంది, కాదంటే, ఆ ఇస్త్రీ చొక్కా, ఆ కుర్చీ, అమ్మాయి ముందు చిన్నబోయి లేచి వస్తాడు, ఎక్కడికి వస్తాడు, బల్ల దగ్గరికే, నా ఎడంపక్కకే, ఊరి మంచి కోసమని ఒక్క ముక్క కూడా అనుకోలేదు నేను, నోరు తెరిచాను, నడిపించాం, అన్నాను, వరదకి, ఇద్దరం, ముందున్న చోట ఇప్పుడు నీళ్ళున్నాయి.

ఆ అమ్మాయి చప్పట్లు కొట్టినంత పని చేసింది, అదీ సంగతి, అందుకే, అంది, మరియదాసుని ఒక్క మాట అనలేదు, ఏవో అక్షరాలు కొట్టింది, గుంజని లెక్కలోంచి తీసేసి దాని చోట బజారు బావి గట్టు చెప్పింది, పెట్టె కాసేపు ఆలోచించింది, పచ్చగీతలు పైనించి కిందికి మెల్లిగా మళ్ళీ వచ్చాయి, చర్చి వీధి నీళ్ళలోంచి లేచి గట్టెక్కింది, వెంకటరాజు దణ్ణం పెట్టాడు, తాతయ్యగారూ, గుంజ నడిచిన దారి కూడా పటంలో గీద్దాం, మీ తాతగారి రోజుల్లో ఎక్కడుండేది, అక్కడ్నించి ఎటు నడిచింది, అప్పుడేమైంది, అని ఆశగా అడిగింది మరియదాసుని, వాడు మెడ దగ్గర గుండీ ఒకటి విప్పుకున్నాడు, తలనొప్పిగా ఉందమ్మా, ఎల్తాను, అని లేచాడు, మెట్ల మీద చెప్పులేసుకుంటూ, నా మొహం చూడకుండా అన్నాడు, నలభై ఏళ్ళకి నోరు తెరిచి నువ్వు చెప్పిన మాట నా మీద సాచ్చికమా ఒరేయ్, అని, అంతే.

వచ్చాడు, అనుకున్నట్టే, బల్ల దగ్గరికే, రొయ్యల బుట్ట ఆడమనిషి పంటెక్కి పోయింది, చెక్క తడిసి ఉంది, ఆ తడి మీదే ఇస్త్రీ చొక్కాతో కూచున్నాడు, నా ఎడంపక్క, నేను కోరుకున్నది ఇదే, పెట్టె ఓడిపోయింది, కుర్చీ ఓడిపోయింది, మద్రాసు మనిషి ఓడిపోయాడు, వాడి భుజం నా భుజానికి తగులుతోంది, మాట లేదు, పంటు అవతలి ఒడ్డుకి చేరింది, మాట లేదు, ఇవతలికి బయల్దేరింది, మరియదాసు పక్కన కూచుంటే ఇట్లా ఉంటుందని నాకు తెలియదు, గోదారి ఇంత చప్పుడు చేస్తుందని తెలియదు, వాడు ఏం ఆలోచిస్తున్నాడో, కోపమా, ఏడుపా, ఆకలా, చెవి ఎంత రిక్కించినా ఏమీ రాదు, గోడ పక్కన కూచున్నట్టుంది, ఇదా, ఇన్నేళ్ళూ వాడు కూచున్నది ఇలాంటి గోడ పక్కనా, మాట విసిరితే తిరిగి రాని గోడ, ఊఁ అని కూడా అనని గోడ, దానికి నేను వినడం అని పేరు పెట్టుకున్నాను, గుంజ మోస్తూ అలసిపోయేవా అని అడిగితే అడుగు చప్పుడే జవాబు అనుకున్నాను, మరి వాడెందుకు మాట్లాడుతూనే ఉన్నాడు, మానేస్తే ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని వాడికి ముందే తెలుసా, ఇప్పుడు పంటు దగ్గరికొచ్చింది, తాడు విసిరారు, గుంజకి పడింది, ఇక్కడే ఉండేది, ఇక్కడే ఉండేది, సుడిలో పడింది, మునిగిపోయింది, అంతే, అంతే అని ఎందుకనేవాడు, ఎందుకంటే నేను అడగలేదు, మంచి ముక్క దాచుకోలేదు వాడు, నా దగ్గర ఆ కథకి సుడి దాటాక దారి లేదు, ఆ అమ్మాయి అడిగింది, ఒక్క మాట, ఆ మాట కోసమే కుక్క ఈదింది, ఆ పెట్టె కూడా అడుగుతుంది, అడిగి మిణుకుమంటూ కూచుంటుంది, నాకు కుళ్ళు పెట్టెని చూసి కాదు, కుర్చీని చూసి కాదు, ఆ అడగడం చూసి, అది అంత తేలికగా చెయ్యగలుగుతున్నందుకు, కుక్కని ముంచింది మరియదాసు కాదు, ఇన్నిసార్లూ నేనే, మాట లోపల దిగబడి ఉంది, బురదలో గడలాగ, పీకాను, ఒరేయ్ మరియదాసూ, సుడిలో పడ్డాక, ఆ కుక్క అప్పుడేమైందిరా, అన్నాను, వాడు తల తిప్పలేదు, జేబులోంచి చుట్ట తీశాడు, నోట్లో పెట్టుకున్నాడు, అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు, వెలిగించలేదు.